ఓర్పు నాగరత్న మేడమ్ గుణం కాదు

నాగరత్న మేడమ్ పరమపదించారన్న వార్త మంగళవారం పొద్దున పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో వచ్చింది. కుందలహళ్ళి నుంచి కాలేజీకి పోయే నా బస్సు అప్పుడు సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉంది. ఆనేకల్‌లో తమ్ముడి ఇంట్లో కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టబోతూ పక్కకు ఒరిగిపోయారట. గుండె ఆగిపోయిందన్నారు. నేను చదివేసరికే పదిహేను మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టి ఉన్నారు. ముందు నమ్మలేదు. నమ్మిన తరవాత ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. అది ఎవరి మీద కోపమో ఆ క్షణంలో నాకు సరిగా తెలియలేదు.

గురువారం మా కాలేజీలో సంతాప సభ జరిగింది. ముప్పై ఏళ్ళు ఆమె జంతుశాస్త్రం బోధించిన కాలేజీ అది. ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్నదీ అక్కడే, ఆమె కూర్చున్న గదిలోనే. ఫొటోకు చామంతి దండ వేశారు. మైకు ముందుకు వచ్చిన ప్రతివారూ ఆమె సహనమూర్తి అన్నారు. ఎవరి మనసూ నొప్పించి ఎరుగరన్నారు. నోట్లో నాలుక లేని మనిషన్నారు ఒకరు. ఒకనాడు ఆమెకు మెమో ఇచ్చిన మా పాత ప్రిన్సిపాల్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "అజాతశత్రువు" అన్నారు. మూడో వరసలో కూర్చున్న నాకు ఒళ్ళు మండిపోయింది.

నాగరత్న మేడమ్‌కు ఓర్పు లేదు. ఆమె దగ్గర ఒక్క ఏడాది చదివినవాళ్ళను అడిగినా ఈ మాట చెబుతారు. ఆమెకు ఉన్నది ఆగ్రహం. అన్యాయం కనబడితే ఆమె ఆగ్రహాన్ని దాచుకునేవారు కాదు, వాయిదా వేసేవారూ కాదు. ఆమె బతికుండగా ఆ ఆగ్రహానికి జడిసి దూరంగా పెట్టినవాళ్ళే, ఇక ఆమె జవాబు చెప్పలేరని రూఢి చేసుకుని, ఆమెను శాంతమూర్తిని చేసి గోడకు తగిలించారు. ఇంతకంటే పెద్ద అవమానం ఆమెకు ఎవరూ చేయలేరు. అందుకే ఈ పత్రికవారు నాలుగు మాటలు రాయమంటే వెంటనే ఒప్పుకున్నాను.

ఆమె ఆనేకల్ మగ్గాల ఇంటి ఆడపడుచు. తాతల కాలంలోనే ఈ కన్నడసీమకు వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబం. సముద్రపు గాలి తగలని ఊళ్ళో పుట్టి, సముద్రజీవుల మీద పరిశోధన చేసి డాక్టరేటు పుచ్చుకున్నారు. క్లాసులో ఇంగ్లీషు, ఆఫీసులో కన్నడం, తిట్టేటప్పుడు మాత్రం అచ్చంగా ఇంటి తెలుగు. మా చెవులు ఆ తెలుగును బాగా ఎరుగును.

డిగ్రీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో మా ముందు ఒక సీసా పెట్టారు. అందులో ఫార్మలిన్‌లో ముంచిన స్టార్‌ఫిష్ ఉంది. బొమ్మ గీయమన్నారు. అందరం గీశాం, భాగాల పేర్లు రాశాం, పెన్సిల్‌తో నీడలు దిద్దాం. ఆ ప్రాణికి ఒక చెయ్యి ఎప్పుడో విరిగిపోయి నాలుగే మిగిలాయి. మేమందరం పుస్తకంలో ఉన్నట్టు అయిదు గీశాం. ఆమె వరసగా సున్నాలు వేసుకుంటూ నా దగ్గరికి వచ్చారు.

"ఏమే పాపా, ఈ అయిదోది యాడ ఉండాది? చూపీ."

"సీసాలో లేదు మేడమ్."

"లేనిది గీసినావంటే నువ్వు ఆ పక్కకు చూడనే లేదు. కండ్లు చూసింది గియ్యి. చదివింది నాకు వద్దు."

క్లాసు మొత్తానికి సున్నాలా అని తల్లిదండ్రులు వెళ్ళి ప్రిన్సిపాల్‌తో మొర పెట్టుకున్నారు. మార్కులు కాస్త సర్దమని ఆయన కబురు పంపితే, ఆమె ఆ సీసా తీసుకుపోయి ఆయన బల్ల మీద పెట్టి, మీరే లెక్కపెట్టండి సార్ అని వచ్చేశారు. సున్నాలు సున్నాలుగానే మిగిలాయి.

ఈ ఊళ్ళో బస్సు సీటు దగ్గరనుంచి అద్దె ఇంటి దాకా అన్నిటికీ పనికొచ్చే మాట ఒకటుంది, "స్వల్ప అడ్జస్ట్ మాడి" అని. కొంచెం సర్దుకోండి అని అర్థం. అది చెవిన పడితే మేడమ్ ముఖం ఎర్రబడేది. "బస్సులో సర్దుకోవచ్చప్పా, తప్పులేదు. కండ్లెదురుగా ఉండేదాన్ని ఎట్లా సర్దుకునేది?" అనేవారు. ఆ మాటను మేం ఆమె వెనక అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

ఎమ్మెస్సీ మొదటి ఏడాది ముగిశాక వేసవిలో రెండు నెలల పరిశోధన శిక్షణకు నన్ను పశ్చిమ తీరంలోని ఒక సముద్ర జీవశాస్త్ర కేంద్రానికి పంపాలని ఆమె పట్టుబట్టారు. ఆ కేంద్రం పేరు ఇక్కడ రాయను. మా నాన్న తాపీ మేస్త్రి. ధర్మవరం వైపునుంచి వచ్చి హెబ్బగోడిలో ఒక గదిలో నలుగురం ఉండేవాళ్ళం. మేడమ్ ఆదివారం పొద్దున ఆ గదికి వచ్చి, అమ్మ పరిచిన చాప మీద కూర్చున్నారు.

"ఆడపిల్లను అంత దూరం ఎట్ల పంపేది మేడమ్?" అన్నాడు నాన్న.

"నువ్వు మీ ఊరినుంచి ఈడికి ఎట్ల వస్తివప్పా? ఎవరన్నా చెయ్యి పట్టుకొని తెచ్చినారా?"

"నాకు పని ఉండె, వస్తి."

"ఈ పిల్లకూ పని ఉండాది. ఆ పని ఆడ ఉండాది, ఈడ లేదు."

నాన్న ఇంకేదో అనబోతే అమ్మ అడ్డం వచ్చింది. "పంపిద్దాం లేప్పా. ఈ మేడమ్ అరుస్తాది గాని అబద్ధం చెప్పదు" అంది. ఆమె గురించి నేను విన్న ప్రశంసల్లో నిజమైనది అదొక్కటే.

నాకు అప్పగించిన పని తీరంలో రాళ్ళను కరుచుకుని బతికే నత్తలను లెక్కపెట్టడం. ఏ రాతి మీద ఎన్ని, ఎండ వైపా నీడ వైపా, నీటికి ఎంత ఎత్తున అన్నీ రాయాలి. ఆ రాళ్ళు మామూలు రోజుల్లో నీటి కిందే ఉంటాయి. అమావాస్యకూ పౌర్ణమికీ అటూ ఇటూగా నాలుగైదు రోజులు మాత్రం ఆటు బాగా తీసి, తెల్లవారుజామున అయిదు ప్రాంతంలో బయటపడతాయి. మళ్ళీ పోటు రావడం మొదలైతే గంటన్నరలో మునిగిపోతాయి. అమ్మాయిల హాస్టల్ గేటు తాళం మాత్రం ఆరున్నరకు తీసేవారు. నేను రాళ్ళ దగ్గరికి చేరేసరికి అక్కడ నీళ్ళు తప్ప ఏమీ ఉండేవి కావు. అబ్బాయిల హాస్టల్‌కు గేటే లేదు.

కేంద్రం డైరెక్టర్‌ను అడిగితే నవ్వారు. అబ్బాయిలు నత్తలను గీకి బకెట్లో తెచ్చిపెడతారు, నువ్వు హాయిగా ల్యాబులో కూర్చుని లెక్కపెట్టుకో అన్నారు. రెండు దఫాలు అలాగే చేశాను. బకెట్లో ఉన్న నత్త ఏ రాతికి ఏ వైపున ఉండేదో ఎవరికి తెలుసు? నేను సిగ్గులేకుండా ఆ గడులన్నీ ఊహించి నింపి, పట్టిక మేడమ్‌కు పంపాను. సాయంత్రం ఫోన్ చేశారు.

"ఈ నత్తల్ని నువ్వు రాతి మీద చూసినావా, బకెట్లో చూసినావా?"

బకెట్లోనే మేడమ్ అన్నాను.

"నీకు మళ్ళా అయిదో చెయ్యి మొలిచింది. యాల?"

కారణంగా గేటు సంగతి చెప్పాను. చెప్పేటప్పుడు ఏడ్చాను కూడా. ఆమె ఓదార్చలేదు. సెలవు పెట్టి, రెండో రోజు పొద్దునకల్లా బస్సు దిగి కేంద్రం ముందు నిలబడ్డారు. భుజాన సంచీ, కాళ్ళకు రబ్బరు చెప్పులు.

డైరెక్టర్ ఆమెకు కుర్చీ వేసి, ఆడపిల్లల భద్రత మా బాధ్యత అని మొదలుపెట్టారు.

"బాధ్యత మంచిదే సార్. గేటు ఆరున్నరకు తీస్తారని సముద్రానికి ఎవరన్నా చెప్పినారా?" అన్నారు మేడమ్.

ఆయన గది కిటికీలోంచి తీరం కనబడుతుంది. తెల్లవారకముందే ఆల్చిప్పలు ఏరడానికి రాళ్ళలోకి దిగిన ఊరి ఆడవాళ్ళు అప్పుడే తట్టలు నెత్తిన పెట్టుకుని తిరిగి వస్తున్నారు. మేడమ్ వాళ్ళను చూపించి, "వీళ్ళు ఆడవాళ్ళు కారా? వీళ్ళకు తాళం ఎవరు వేసినారు?" అని అడిగారు. వాళ్ళకు అలవాటు మేడమ్ అన్నారాయన. "ఈ పిల్లకూ అలవాటు చేస్తాను" అని లేచి, నన్ను పెట్టె సర్దుకోమన్నారు.

ఆల్చిప్పలు ఏరే ఒకావిడ ఇంట్లో చిన్న గది అద్దెకు తీసుకుని, ఆ దఫా అయిదు రోజులూ నాతోనే ఉన్నారు. రెండు వారాలకు వచ్చిన చివరి దఫాకు మళ్ళీ వచ్చారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, టార్చి పట్టుకుని, పాచి మీద జారుతూ తిట్టుకుంటూ నాకంటే ముందు నడిచేవారు. మొదటి పొద్దు రాతి నీడ వైపున బారులు తీరి ఉన్న నత్తలను చూసి, నేను ఊహించి రాసిన అంకెలన్నీ తప్పని తెలిసి తల దించుకున్నాను. ఆమె మాత్రం ఆనాడు ఒక్క మాట అనలేదు. "ఇప్పుడు రాసుకో" అని టార్చి దగ్గరికి జరిపారు. నా జీవితంలో నేను నేర్చుకున్న శాస్త్రమంతా ఆ రోజుల్లోనే నేర్చుకున్నాను.

దానికి ఆమెకు దక్కిన సత్కారం మెమో. క్రమశిక్షణకు భంగం కలిగించారని కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. సంజాయిషీ ఇవ్వమని మా ప్రిన్సిపాల్ అడిగారు. ఆమె ఇవ్వలేదు. ఆమెకు రావలసిన విభాగాధిపతి పదవి ఆమె కంటే ఎనిమిదేళ్ళు చిన్నవాడికి పోయింది. మెమోను మడిచి, ఊగిసలాడే టెస్టుట్యూబుల స్టాండు కాలు కింద పెట్టుకున్నారు. రిటైరయ్యే దాకా ప్రతి ఏడూ వేసవికి ముందు, ఆ గేటు వేళ మార్చమని కేంద్రానికి ఒక ఉత్తరం రాసేవారు. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు. ఇవేవీ సంతాప సభలో ఎవరూ చెప్పలేదు. చెబితే మరి అజాతశత్రువు అనడానికి వీలుండదు కదా.

ఇంతవరకు ఇతరుల సంగతి. ఇక నా సంగతి.

ఆమె రిటైరై ఆరేళ్ళయింది. ఆ గదీ, ఆ కుర్చీ నాకు వచ్చాయి. ఆ ఉత్తరం రాసే పని కూడా నాకే వచ్చి ఉండాలి. ఈ ఆరేళ్ళలో నేను ఒక్క ఉత్తరం రాయలేదు. ఈ వేసవికి నా విద్యార్థిని రేష్మకు అదే కేంద్రంలో సీటు వచ్చింది. దానితోపాటు ఒక హామీపత్రం వచ్చింది. విద్యార్థినులు ఆరున్నరకు ముందు హాస్టల్ దాటరనీ, తీరంలో సేకరణ అబ్బాయిలే చేస్తారనీ గైడు సంతకం చేయాలి. చేయకపోతే సీటు ఇంకొకరికి పోతుందన్నారు. నేను సంతకం చేశాను. రేష్మ ముఖం చిన్నబుచ్చుకుంటే, కొంచెం అడ్జస్ట్ చేసుకో అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చింది.

పైగా శుభవార్త చెబుతున్నట్టు మేడమ్‌కు ఫోన్ చేశాను. మన పిల్లకు సీటు వచ్చిందన్నాను. ఆమె సంతోషించారు. తరవాత అడిగారు.

"గేటు ఎన్ని గంటలకు తీస్తారంట?"

"అదే టైము మేడమ్."

"నువ్వు ఒప్పుకుంటివా?"

"సంతకం పెట్టాను. లేకుంటే సీటు పోతుంది మేడమ్."

తిడతారనుకుని ఎదురుచూశాను. ఆమె గొంతు పెంచలేదు.

"నేను ఆ పొద్దు బస్సెక్కి వచ్చింది నీ ఒక్కదాని కోసరం అనుకుంటివా?" అని ఫోన్ పెట్టేశారు.

నాకు రోషం వచ్చింది. ఈ రోజుల్లో ఉద్యోగం చేయడం ఎంత కష్టమో ఆమెకేం తెలుసు అనుకున్నాను. పేపర్లు దిద్దడం అయ్యాక ఆనేకల్ వెళ్ళి సర్దిచెబుదామనుకున్నాను. ఆరు వారాలు గడిచాయి. మంగళవారం వార్త వచ్చింది. బస్సులో నాకు వచ్చిన కోపం నా మీదే.

సభ అయ్యాక తీరంలో ఉన్న రేష్మకు ఫోన్ చేశాను. మేడమ్ ఎవరో, నాకోసం ఏం చేశారో మొదటిసారి చెప్పాను. ఆ పిల్ల చివరిదాకా విని, నిష్ఠూరం ఏమీ లేకుండా, తెలుసుకుందామన్నట్టుగా అడిగింది.

"ఆ మేడమ్ మీ కోసం వచ్చేసినారు కదా మేడమ్. మరి మీరెందుకు రాలేదు?"

నాగరత్న మేడమ్ తిట్లు ఇన్నేళ్ళు తిన్నాను, ఏనాడూ ఇంతగా తగలలేదు. మర్నాడు సంతకం వెనక్కి తీసుకుంటున్నట్టు కేంద్రానికి రాశాను. ఆ పిల్ల సీటు పోతే బాధ్యత మీదేనని మా కొత్త ప్రిన్సిపాల్ అన్నారు. పోవచ్చు. ఆ భయం నాకు చాలా ఉంది. అయినా సెలవు చీటీ ఇచ్చాను. ఆదివారం బస్సుకు టికెట్ తీసుకున్నాను.

మేడమ్, మీకు పాదాభివందనం. దండ వేయడానికి నా చేతులు రాలేదు. క్షమించమని అడగను. మీరు ఉంటే క్షమించరు, క్షమించకూడదు కూడా. డైరెక్టర్ ముందు ఏం మాట్లాడాలో మీరు నాకు నేర్పలేదు. నేను తగ్గి మాట్లాడితే ఫోన్ చేసి అడగడానికి ఈ ఊళ్ళో ఇక ఎవరూ లేరు.