కట్టని కుచ్చు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా ఇంట్లో ఆడవాళ్లు చీకటిపడ్డాక పెరట్లోకి వెళ్లడానికి జంకితే, "దెబ్బకు దెయ్యం వదులుతుంది, కర్ర పట్టుకెళ్లండి" అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇప్పటికీ దయ్యాలున్నాయని ఒప్పుకోను. కానీ బరంపురం వైపు ఒక జైల్లో నా కళ్లతో చూసిన జంపఖానా సంగతి మాత్రం ఎన్నివిధాల ఆలోచించినా నాకు కొరుకుడుపడలేదు.

ఒరిస్సా వేరే రాష్ట్రమైన కొత్తలో మాట ఇది. మద్రాసు నుంచి వచ్చే సర్కారు కాగితాలు కటకం నుంచి రావడం మొదలైంది. మాది నేత కుటుంబం. బరంపురం గేట్ బజార్ కొట్లవాళ్లకి నేసి ఇచ్చేవాళ్లం. వాళ్లు మిల్లుగుడ్డ మరిగాక మగ్గం కూడు పెట్టడం మానేసింది. ఖైదీలకి నేత నేర్పే మాస్టరు కావాలంటే వెళ్లి చేరాను. దొంగతనం చెయ్యకుండానే జైలుకి పోయినవాడివి నువ్వేనోయ్ అని మా బావమరిది నవ్వాడు.

నా దగ్గర పనిచేసినవాళ్లలో పెంటయ్య ఒకడు. మార్కండి అనే సముద్రపొడ్డు ఊరి జాలరి. నడిసముద్రంలో వలలు చిక్కుపడి తగాదా వస్తే ఎదుటి పడవవాణ్ణి తెడ్డుతో కొట్టి లోపలికొచ్చాడు. పుర్రచేతివాడు. నేత చక్కగానే పట్టుబడింది గానీ కుచ్చుల దగ్గరే మాకు పేచీ.

జంపఖానా నేయడం అయ్యాక మగ్గం నుంచి కోసి దించుతాం. రెండు చివర్లా పోగులు వేలాడుతుంటాయి. వాటిని కొన్నికొన్నిగా తీసి ముడులు వేస్తే కుచ్చులవుతాయి. నేనొక ముడి నేర్పితే పెంటయ్య తన వల ముడే వేసేవాడు. పుర్రచెయ్యి కాబట్టి అతని ముడులన్నీ ఎడమకి ఒరిగి ఉండేవి. మా జైలు మగ్గాల షెడ్డులో ఇంకెవరి ముడీ అలా ఉండేది కాదు.

నేను తిడితే నవ్వేవాడు. "ఈ ముడి సముద్రంలోనే ఊడదు బాబూ, మీ ఆపీసర్ల కాల్లకింద ఊడతాదేటి?"

అతనికి ఊళ్లో ఒక తమ్ముడు, భార్య ఉన్నారు. భార్య పేరు పోలమ్మ. పెంటయ్యని విడుదల చేస్తారని జైలు నుంచి ఒకటి రెండుసార్లు కబురెళితే, పాపం ఆవిడ గేటుదాకా వచ్చి ఎండలో కూర్చుని ఉత్తచేతులతో వెళ్లిపోయింది. జైలువాళ్ల మాటంటే ఆవిడకి అప్పటినుంచీ నమ్మకం పోయింది.

ఒక వర్షాకాలం పెంటయ్యకి జ్వరం పట్టుకుంది. ఆస్పత్రి గదికి తీసుకెళ్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాకేటైనా అయితే మాయింటిదానికి నువ్వే ఎల్లి సెప్పాల బాబూ. జైలోల మాట అది నమ్మదు."

"జ్వరానికే చస్తావా, నోర్ముయ్" అని కసిరాను. అయినా చెబుతానని మాటిచ్చాను.

అతను నేసిన జంపఖానా అప్పటికే మగ్గం దిగింది. ఒక చివర కుచ్చులు కట్టాడు. రెండో చివర పోగులన్నీ విడిగా వేలాడుతున్నాయి. శనివారం సాయంత్రం దాన్ని నేనే చుట్టి, అతని మగ్గం మీద పెట్టి, షెడ్డుకి తాళం వేసి, తాళంచెవి గేటులో అప్పగించి ఇంటికొచ్చాను. ఆదివారం షెడ్డు తెరవరు.

సోమవారం వెళ్లేసరికి పెంటయ్య లేడు. ఆదివారం తెల్లవారకముందే పోయాడట. వానలకి దారి తెగి ఊరికి కబురు అందలేదని దహనం కూడా చేసేశారు. నాకు చాలా బాధ కలిగింది. కసిరిన మాటే చెవుల్లో మోగింది.

షెడ్డు తెరిచి ఆ జంపఖానా విప్పాను. రెండో చివర కుచ్చులు కట్టి ఉన్నాయి. అన్నీ వల ముడులే. అన్నీ ఎడమకే ఒరిగి ఉన్నాయి. చిట్టచివరి కుచ్చు ఒక్కటే కట్టలేదు.

వెంటనే వార్డరు మీద విరుచుకుపడ్డాను. అతను ఒడియా పెద్దమనిషి, అబద్ధం ఆడడు. "జగన్నాథుడి మీద ఒట్టు మాస్టరుబాబు, చాబీ గేటు నుంచి కదల్లేదు" అన్నాడు. ఖైదీలు ఆదివారమంతా వార్డుల్లోనే ఉన్నారు. ఎవడో పెంటయ్య ముడిని అనుకరించాడనుకుందామన్నా, తాళం వేసిన షెడ్డులోకి ఎలా వచ్చాడు?

ఆ మిగిలిన కుచ్చు నేనే కట్టేద్దామని కూర్చున్నాను. ఎందుకో చెయ్యి రాలేదు. పనికిరాని సరుకని ఆఫీసులో చెప్పి దాన్ని నేనే కొనుక్కున్నాను.

వాన తెరిపిచ్చాక ఛత్రపురంలో రైలు దిగి, సరుగుడు తోపుల్లోంచి నడిచి మార్కండి వెళ్లాను. పట్టపగలు. పోలమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. చేతులకి గాజులున్నాయి. జైలు నుంచి వచ్చిన ఒడియా కాగితం ఎవరో చదివి చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదట. దినం చెయ్యనివ్వలేదట.

"శవం సూపించనేదు. ఇడిసిపెడతామని సెప్పినోలే సచ్చిపోనాడని సెప్తన్నారు. నానెలా నమ్మేది బాబూ? నమ్మి గాజులు తీసేసినాక ఆడొచ్చి గుమ్మంలో నిలబడితే?"

పోయాడన్నది నిజమేనమ్మా, నీకు చెప్పమని నాకే అప్పగించాడు అన్నాను. ఇది పెంటయ్య నేసిందమ్మా అని జంపఖానా చేతిలో పెట్టాను. సోమవారం నేను చూసింది చెప్పలేదు.

ఆవిడ కుచ్చుల్ని ఒక్కొక్కటే తడుముకుంటూ చివరిదాకా వెళ్లి ఆగిపోయింది.

"దీన్ని నువ్వు ఊడదీసినావా?"

"లేదమ్మా. ఎవరూ కట్టలేదు."

"సర్కారు గుడ్డలకీ ఇలగే ఒగ్గేసీవోడా?"

"లేదు. ఎప్పుడూ అన్నీ కట్టేవాడు."

ఆ విడి పోగుల్ని వేళ్లతో సరిచేస్తూ మెల్లిగా చెప్పింది. "మా ఇల్లల్లో కొత్త వల అల్లితే ఆకరి ముడి మొగోడు ఎయ్యడు బాబూ. ఇంటిదానికి ఒగ్గేస్తాడు. అది ఏసినాకే వల నీల్లలోకి దిగతాది."

ఈ సంగతి పెంటయ్య నాకెప్పుడూ చెప్పలేదు. నాకే తెలియనిది ఆ షెడ్డులో ఇంకెవరికి తెలుస్తుంది?

పోలమ్మ ఆ పోగులు వేళ్లకి చుట్టుకుని ముడి వేసింది. ఎడమకి ఒరిగిన ముడుల చివర అదొక్కటే కుడికి ఒరిగింది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే మరిదిని పిలిచి, "ఆకరి ముడి నాకు ఒగ్గేసి ఎల్లిపోనాడు. మీ అన్నకి దినం సెయ్యండ్రా" అంది.

నేను ముసలివాణ్ణయ్యాను. ఆ కుచ్చులు ఎవరు కట్టారో ఏదోవిధంగా సరిపెట్టుకోగలనేమో. ఆ ఒక్కటీ ఆవిడ కోసం ఎవరు వదిలారో మాత్రం ఈనాటికీ చెప్పలేను.