అద్దకం మామ వదలని పగ

అద్దకం మామ పోయాడన్న కబురు తెచ్చినవాడు నా అంగడి మెట్టు మీద కూర్చుని ముందు నీళ్ళడిగాడు. తాగి, గ్లాసు పక్కన పెట్టి, "పొద్దున కాఫీ తాగి మంచమ్మీద వెనక్కి వాలినాడంటప్పా. అంతే," అన్నాడు. అంగడి మూసి బొమ్మసంద్ర వైపు పోయే బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మామకంటే ముందు పోవలసినవాడు ఒకడు నాకు తెలుసు. వాడింకా కారులో తిరుగుతున్నాడు.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు శాంతమూర్తి, అందరివాడు అని రాయడం మర్యాద. వరసకు ఊరందరికీ మామే గాని, మామ అందరివాడు కాడు. ఆయనకొక శత్రువు ఉన్నాడు. ఆ ఒక్కణ్ణి ఏళ్ళ తరబడి, పూజ తప్పనివాడు దేవుణ్ణి తలుచుకున్నంత శ్రద్ధగా ద్వేషించాడు. ఆ ముక్క వదిలేసి మామ గురించి రాస్తే అది ఇంకెవరి గురించో రాసినట్టవుతుంది.

నాది బళేపేటలో రంగుల అంగడి. పట్టు నూలుకు అద్దే రంగులు అమ్ముతాను. చదువు ఆరో తరగతితో సరి. మిగిలిన చదువంతా రంగుపొడి పొట్లాలు కట్టడానికి తూకానికి కొన్న పాత కాగితాల మీద జరిగింది. అందువల్ల నాకు ఏ సంగతీ మొదటినుంచి చివరిదాకా తెలియదు, అన్నిట్లోనూ మధ్య పేజీ తెలుసు. పర్యావరణ కాలుష్యం గురించి కూడా అట్లా ఒక పేజీ దొరికింది. నీటి కాలుష్యం, గాలి కాలుష్యం, నేల కాలుష్యం, శబ్ద కాలుష్యం అని వేరు వేరు గదుల్లో కాపురం పెట్టించారు అందులో. మామకు చదివి వినిపిస్తే నవ్వాడు. "నా షెడ్డుకు రమ్మను ఆ రాసినాయన్ని. నాలుగూ ఒకే పొయ్యి మీద వండుకుంటాండాయి."

ఆయన నూలు అద్దే షెడ్డు ఊరి చెరువు కింద ఉండేది. రాగి కాగులు, వెదురు దండేలు, ఒక బావి. కాగులో రంగు కలిపే ముందు బావినీళ్ళు దోసెడు నోట్లో పోసుకుని పుక్కిలించి చూడటం ఆయన అలవాటు. చేతులకు ఎప్పుడూ ఏదో ఒక రంగు అంటుకునే ఉండేది. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు ఆ నీలం చేయి చూసి ఒక అడుగు వెనక్కి వేసేవాళ్ళు. "కృష్ణుడు తింటే భక్తి, నేను తింటే భయమా?" అనేవాడు.

డెబ్బైల చివర చెరువు పైన ఇనుప సామాన్లకు మెరుగు పూత పూసే ఫ్యాక్టరీ వచ్చింది. మరుసటేడు మామ నా అంగడికి వచ్చి, ఉన్న గిరాకీలందరి ముందూ ఒక పట్టు చిలప నా మొహాన విసిరాడు. పెళ్ళికూతురి చీరకని ఎర్రగా అద్దిన నూలు అది. కార్జం రంగులో ఉంది.

"ఏం కలిపినావు శెట్టీ రంగులో? ఇటుకపొడా?"

"నీ చేయి ముసలిదైంది మామా. రంగును అనొద్దు."

"ముప్పై ఏండ్ల చేయి ఇది. నీ అంగడి నిన్నటిది."

నెల రోజులు మాటల్లేవు. మామ వేరే అంగడిలో రంగు కొన్నాడు. అదీ కార్జమే అయింది. అప్పుడు మా ఇంటికి వచ్చి, తప్పయిందని మాత్రం అనకుండా, కొళాయి దగ్గర బిందె పెట్టాడు. మాకు కావేరి నీళ్ళు వస్తాయి. రెండు చెంబులు పొయ్యి మీద పెట్టాడు. ఒకదాంట్లో మా కొళాయి నీళ్ళు, ఇంకొకదాంట్లో ఆయన సీసాలో తెచ్చిన బావినీళ్ళు. ఒకే రంగు, ఒకే నూలు. కొళాయి నీళ్ళ చిలప మందారంలా తేలింది. బావినీళ్ళది కార్జం. మామ ఆ రెండింటినీ పక్కపక్కన పట్టుకుని చూసి, "నిన్ను తిట్టింది వాపసు తీసుకుంటాండా. దాన్ని వేరేవాడికి ఇచ్చేదుండాది," అన్నాడు.

ఆ తరువాత ఆయన చెరువును చూసిన తీరు ఏ పేజీలోనూ నాకు దొరకలేదు. మొదట కప్పలు పోయాయి. కప్పలు పోయాక దోమలు పెరిగాయి. చేపలు తెల్లటి కడుపు పైకి పెట్టి తేలాయి, వాటికోసం వచ్చే కొంగలు రావడం మానేశాయి. తరువాత నీళ్ళ మీద గుర్రపుడెక్క చాప పరిచినట్టు కమ్ముకుంది. చెరువు కింది కాలవ పక్క పొలంలో రాగి పైరు మోకాలెత్తున ఎర్రబడి ఆగిపోయింది. ఫ్యాక్టరీ పొగ దండేల మీద ఆరేసిన నూలు మీద వాలి, తెల్లటి చిలపకు మశూచి మచ్చలు పెట్టేది. ఒక్కొక్కటి చెప్పి చివర ఒక వేలు మడిచేవాడు. వేళ్ళన్నీ మడిచాక అది పిడికిలయ్యేది.

ఫిర్యాదులు రాశాడు. నేనే రాసిపెట్టాను, నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని. చివరికి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. ఆ రోజు ఫ్యాక్టరీనుంచి చెరువులోకి వచ్చే కాలవలో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. జీపు వచ్చేది ముందురోజే తెలిసి ఫ్యాక్టరీవాళ్ళు గొట్టం మూసి, బోరునీళ్ళు వదిలారు. ఫ్యాక్టరీ యజమాని చేతులు కట్టుకుని, "ఇవి మా ఇంటి బట్టలు ఉతుక్కోను పనికొచ్చే నీళ్ళు సార్," అన్నాడు. ఆ కన్నడ ఊళ్ళో వాళ్ళింట్లోనూ మాలాగే తెలుగే. మామ ఆ మాటను అక్షరం అక్షరం మనసులో పెట్టుకున్నాడు.

ఆ రోజునుంచే ఆ ఫ్యాక్టరీ కాలవలో ఒక తెల్ల చిలపను రాయికి కట్టి నానబెట్టడం మొదలుపెట్టాడు. వారం తరువాత తీసి, ఆరబెట్టి, తేదీ రాసిన చీటీ కట్టి దండెం మీద వేలాడదీసేవాడు. "ఆఫీసరు ఒకపూట చూస్తాడు. పట్టు వారమంతా చూస్తాది." పసుపు, ఆకుపచ్చ, తుప్పు, మళ్ళీ పసుపు. షెడ్డు నిండా ఆ చిలపలే. ఆఫీసు వాళ్ళకు చూపిస్తే, గుడ్డ సాక్ష్యం చెల్లదన్నారు.

ఒకరోజు ఫ్యాక్టరీ మేనేజరు దారిలో ఆపి, "నీ కాగులు కడిగిన ఎర్రనీళ్ళు ముప్పై ఏళ్ళుగా ఏ గంగలో కలిపావు మామా?" అన్నాడు. ఆయన నోరు మూయించినవాణ్ణి ఆ ఒక్కణ్ణే చూశాను. ఆ రంగునీళ్ళు చెరువు కింది కాలవలోకే పోయేవి. నేనూ ఆ పాపంలో వాటాదారునే, రంగు అమ్మింది నేనే గదా. వారం రోజులు మామ షెడ్డు వెనక గుంత తవ్వాడు. ఇసుక, బొగ్గు, బూడిద వరసలుగా పోసి, రంగునీళ్ళను దాంట్లోకి తిప్పాడు. కాలవకు పోయే తూమును సిమెంటుతో మూసేశాడు. "కొట్టేముందు చేయి కడుక్కోవాల శెట్టీ. లేకుంటే మరక నాదా వాడిదా అని అడుగుతారు."

కొట్టే రోజు వచ్చింది. యజమాని కూతురి పెళ్ళికి చీరలు నేసే పని మామ దగ్గర నూలు అద్దించే నేతగాడికి దొరికింది. పెళ్ళికూతురి ముహూర్తం చీర నూలూ, కన్యాదానంలో తండ్రి కట్టుకునే నేసిన పట్టు పంచె ఉతికి మెరుగు పెట్టే పనీ షెడ్డుకు వచ్చాయి. ఎవరివో తెలిసి కూడా మామ కాదనలేదు. కబురు విని నేను షెడ్డుకు పరిగెత్తాను.

"ఆ పిల్ల చీర పాడు చేస్తావా మామా?"

"ఆ బిడ్డ ఏం చేసిందప్పా? నీ కొళాయి నీళ్ళు నాలుగు పీపాలు కావాల. ఎద్దులబండి చెప్పినా."

చీర నూలు మందారమైంది. అంత మంచి ఎరుపు ఆయన చేతిలో నేను అంతకుముందు చూడలేదు. పంచెను మాత్రం మూడు రోజులు ఫ్యాక్టరీ కాలవలో రాయికి కట్టి నానబెట్టాడు.

పెళ్ళిపొద్దున మేమిద్దరం పళ్ళెంలో పెట్టి తీసుకుపోయాం. మామ కొత్త చొక్కా వేసుకున్నాడు. యజమాని బంధువులందరి ముందూ మడత విప్పాడు. తెల్లటి పంచె నడుమ ఆకుపచ్చ మరకలు, అంచుల్లో తుప్పు. నాదస్వరం పక్క గదిలో మోగుతూనే ఉంది.

"ఏందిది?" అన్నాడు యజమాని.

"మీ ఫ్యాక్టరీ నీళ్ళలోనే ఉతికినా సామీ," అన్నాడు మామ, చాలా వినయంగా. "ఇంటి బట్టలు ఉతుక్కోవచ్చని తమరే సెలవిచ్చినారు."

వెనకనుంచి ఒక ముసలావిడ, "ఏం నీళ్ళురా అవి?" అని అడిగింది. ఆమె యజమాని తల్లి. ఆయన ఆ పంచెను గబగబా మడిచి పళ్ళెంలో పడేశాడు. వియ్యంకుడి దగ్గర పంచె అరువు తెచ్చుకుని కన్యాదానం చేశాడు. మామ భోజనానికి ఆగలేదు. బయటికి వచ్చి, చెప్పులు తొడుక్కుంటూ, "ఈ పొద్దు నాకు ఆకలి తీరింది," అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటిదాకా నవ్వుతూనే ఉన్నాడు.

పగ తీరితే చెరువు బాగుపడుతుందని అనుకున్నాం. అది మా తెలివితక్కువ. ఫ్యాక్టరీ నీళ్ళను నిలబెట్టి శుభ్రం చేయడానికని యజమాని ఒక తొట్టి కట్టించాడు, ఆఫీసరు వచ్చి సరిగ్గా ఉందని రాసుకుపోయాడు. మొదటి వానకే తొట్టి పొర్లింది. మామ షెడ్డు మూసేశాడు. చివరి ఏళ్ళలో చర్మం పొట్టు లేచిన చేతులు ఒళ్ళో పెట్టుకుని ఫ్యాక్టరీ గేటును చూస్తూ కూర్చునేవాడు. నేను పోయినప్పుడల్లా, "ఉండాడా వాడు?" అని అడిగేవాడు. ఉన్నాడనేవాణ్ణి. "సరే, నేనూ ఉంటా," అనేవాడు. ఉండలేకపోయాడు.

మూడోరోజు అస్థికలు ఏరాక తెలిసింది, భార్యకు ఒక మాట చెప్పి పోయాడని. తన అస్థికలు కావేరిలో కలపొద్దు, ఏ ఏటిలోనూ కలపొద్దు, తమ చెరువులోనే కలపాలి. కానీ ఇప్పుడు కాదు. ఆ నీళ్ళు బాగైన రోజున. అస్థికలను ఇంట్లోకి తేకూడదు గనుక, కుండకు గుడ్డ కట్టి దారి పక్క వేపకొమ్మకు వేలాడదీశారు. ఆ దారి ఫ్యాక్టరీకి పోయేది. అట్లా ఎక్కువ రోజులు ఉంచకూడదని పురోహితుడు గట్టిగా చెప్పాడు. అత్త వినలేదు.

పదోరోజుకు ఫ్యాక్టరీనుంచి ఒక మనిషి వచ్చాడు. తల గోక్కుంటూ, "అమ్మా, యజమాని అడగమన్నాడు. అది ఎన్నాళ్ళుంటాదని," అన్నాడు.

అత్త చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు. "నన్నేం అడుగుతావప్పా. పోయి చెరువును అడుగు."

నిన్న సాయంత్రం నేనక్కడే ఉన్నాను. షిఫ్టు వదిలారు. వచ్చే సైకిళ్ళన్నీ వేపచెట్టు ముందర ఆగుతున్నాయి. ఎవరూ చెప్పకుండానే దిగి, పదడుగులు నడిపించుకుని పోయి, మళ్ళీ ఎక్కుతున్నారు. వాళ్ళ వెనక హారను కొట్టడానికి ధైర్యం చాలక, అద్దాలు ఎత్తుకున్న కారు ఒకటి నడక వేగాన వస్తోంది. కొమ్మకు కుండ గాలికి మెల్లగా అటు తిరిగి, ఇటు తిరుగుతోంది.