జైసల్మేర్ కోటలో వార్చని అన్నం

ద్వారక యాత్ర బస్సుకి నన్ను వంట మేస్త్రీగా వేసిన రెండో ఏడు, మార్గశిర మాసం మొదటి వారంలో జైసల్మేర్ చేరాం. యాత్ర బస్సులో మేనేజరు తర్వాత హోదా వంట మేస్త్రీదే. బియ్యం, పప్పు, చింతపండు శ్రీకాకుళంలోనే బస్సుకెక్కిస్తాం. నా కింద కూరలు తరగడానికి, గిన్నెలు తోమడానికి ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు.

జైసల్మేర్ మా దారిలోది కాదు. ఫోన్లలో ఆ పసుపుపచ్చ కోటను చూసి యాత్రికులే పట్టుబట్టారు. చూశాక తప్పు పట్టలేకపోయాను. ఎడారి మధ్య గుట్ట మీద కోట పొద్దుటి ఎండకి పసుపు రాసిన గడపలా మెరిసిపోతోంది. కట్టించిన రాజు పేరే ఊరికి పెట్టారట. ఒంటెల మీద సరుకు తోలిన షావుకార్లు రాతిలో చెక్కించిన మేడలు, జైన గుళ్లు ఉన్నాయి. అన్నిటికన్నా వింత, కోటలో ఇప్పటికీ జనం కాపురాలు చేస్తున్నారు.

ముసలివాళ్లు గుట్ట రెండుసార్లు ఎక్కలేరని మేనేజరు సూరి కోట లోపలే ఒక ఇంటి పెరడు మాట్లాడాడు. పొయ్యి, గుండిగలు, నీళ్ల క్యాన్లు ఆటోలో పైకి చేరాయి. మధ్యాహ్నానికి నలభై మందికి భోజనం. అంతకుముందు ఊళ్లో చారు పాడైందని ఫిర్యాదు వెళ్లింది. ఇంకొక్కటి వస్తే వేరే మేస్త్రీని పెట్టుకుంటానని బస్సు యజమాని ఫోనులో చెప్పాడు.

నేను పిసినారినని మావాళ్లంటారు. నిజమే, కరివేపాకు రెమ్మ కూడా పారేయను. కానీ వంశధార ఒడ్డున పుట్టినదాన్ని, నీళ్లు పొదుపు చేయాల్సిన వస్తువని నాకెప్పుడూ తోచలేదు. బియ్యం మూడుసార్లు కడిగి కడుగు నీళ్లు గోడవార పారబోశాను. మొదటి గుండిగ గంజి కూడా అక్కడే వార్చేశాను. రాళ్ల సందుల్లోకి ఇట్టే ఇంకిపోయింది.

ఇంటావిడ కేకలేస్తూ వచ్చింది. హిందీ తెలిసిన సూరి ప్రతి మాటా మాకు చెప్పాడు. కోట కింద గుట్టంతా మెత్తటి మట్టేనట. పూర్వం ఆడవాళ్లు కింది చెరువు నుంచి నీళ్లు మోసుకొచ్చేవారు కాబట్టి చుక్క కూడా వృథా అయ్యేది కాదు. కుళాయిలు వచ్చాక నీరు ఇంకి పునాదులు కదులుతున్నాయట. ఇంకో చుక్క నేల మీద పడితే పొయ్యి కిందికి దించేయమంది.

“ఏటత్తా, ఎంత పని సేసినావు! అన్నం లేకపోతే జనం నన్ను కోట మీంచి తోసేస్తారు!” అన్నాడు సూరి.

“తోస్తే ఇసకలోనే పడతావులేరా, ఏటీ అవదు. ముందు ఆయమ్మకి తప్పయిపోనాదని సెప్పు” అన్నాను.

ఇరవై మందికి అన్నం ఉంది, ఇరవై మందికి లేదు. బకెట్లోకి వార్చుకోవచ్చు కదా అంటారు. వార్చే అన్నానికి నీళ్లు ధారాళంగా కావాలి. మిగిలింది ఒక్క క్యాను, కుళాయి సాయంత్రం గానీ రాదట. ఇక అత్తెసరే దిక్కు, అంటే కొలిచిన నీళ్లతో, వార్చకుండా వండడం. ఇంట్లో నలుగురికైతే తేలికే. గుండిగలో పెద్ద మేస్త్రీలు కూడా ఆ పని చేయరు, అడుగు మాడితే కంపు అన్నమంతా పట్టేస్తుంది. అది చెడితే మళ్లీ వండడానికి నీళ్లు లేవు.

బియ్యం ఒక్క నీటితోనే కడిగి, ఆ కడుగుతోనే పప్పు విడిగా ఉడకేశాను. పాత బియ్యం కనుక గిన్నెకి రెండు గిన్నెల నీళ్లు పోశాను. ఉడుకు పట్టగానే గుండిగ కింద ఇనప పెనం పెట్టి, మంట తగ్గించి, తడిగుడ్డ చుట్టిన మూత వేశాను. “మూత ముట్టుకున్నవాళ్ల సెయ్యి ఇరిసేస్తాను” అని అందరికీ చెప్పాను. ఇంటావిడ కూడా గడప మీద కూర్చుని చూస్తోంది.

జనం కోట చూసి ఆకలితో వచ్చారు. మూత తీశాను. అన్నం పొడిపొడిగా లేచింది. అడుగు ఎర్రబడింది కానీ మాడలేదు.

వంకలు పెట్టడంలో ముందుండే కళింగపట్నం లచ్చయ్య మావ రెండు ముద్దలు తిని, “అన్నం బాగున్నాది గానీ, గంజేదే?” అన్నాడు.

“ఈ కోట తాగేసినాది మావా. నువ్వు సారు పోసుకో” అన్నాను. అందరూ నవ్వారు, సూరి అందరికన్నా గట్టిగా. ఫిర్యాదు వెళ్లలేదు. గిన్నెలు నీళ్లు లేకుండా ఇసకతో తోమడం ఇంటావిడే మావాళ్లకు నేర్పింది.

ఆ బస్సులో మరో ఆరేళ్లు పనిచేశాను. కొత్త చోట పొయ్యి వెలిగించే ముందు వంట మేస్త్రీ రెండు సంగతులు అడగాలి. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయన్నది అందరూ అడుగుతారు. ఎక్కడికి పోతాయన్నది కూడా అడగాలని నాకు ఆ కోటలో తెలిసింది.