వనజమ్మ మోచేతులు

ప్రొద్దుటూరు వనజమ్మకు ఒకటే అలవాటు. కనబడినవాళ్లకల్లా తన మోచేతులు చూపిస్తుంది. బస్సు కండక్టరుకు చూపించింది, కూరగాయలామెకు చూపించింది. కోడలు హేమలత పనిచేసే బ్యాంకు మేనేజరు ఇంటికొస్తే కాఫీకంటే ముందు అవే చూపించింది.

"సోరియాసిస్ అప్పా. అంటుకోదు. కావాలంటే పట్టుకో!"

ఆయన ఉలిక్కిపడి సోఫా చివరికి జరిగాడు. హేమలత సిగ్గుతో వంటింట్లోకి పరిగెత్తింది.

సూదిమందుతో ఒళ్లు నున్నబడినప్పుడైనా ఈ పీడ వదిలిందా? అప్పుడు సెల్‌ఫోన్లో పాత ఫోటోలు చూపించేది. కొన్నాళ్లకు ఆ సూది పనిచేయడం మానేసి, పొలుసులు వీపుదాకా పాకాయి. హేమలత హడలిపోయి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

"కొందరికి ఇట్లా అవుతుందమ్మా. ఒంట్లో వేరే దారిలో పనిచేసే సూదికి మారుద్దాం. ముందు రక్తపరీక్ష, టీబీ పరీక్ష చేయించండి," అన్నాడాయన.

"మార్చు సార్! ఒక బస్సు చెడిపోతే ఇంకోటి ఎక్కమా?" అని వనజమ్మ బయటికొచ్చి, వరండాలో ఉన్న రోగులందరికీ ఆ కబురు చెప్పేసింది.

కొత్త సూది ఇంకా పట్టు చిక్కించుకోకముందే పులివెందులలో బంధువుల పెళ్లి వచ్చింది.

"అత్తా, నీకు దండం పెడతా. ఈ ఒక్కరోజు నిండు చేతుల రవిక ఏసుకో."

"సరేలే పాపా."

వేసుకుంది. హేమలత ఊపిరి పీల్చుకుంది. తీరా భోజనాల దగ్గర వనజమ్మ రవిక చేతులు పైకి లాగి, గొంతెత్తింది.

"సూడండి! పాత సూది పనిజేయలే. కొత్తదానికి మార్చినారు!"

వడ్డించేవాడి గరిటె గాల్లోనే ఆగిపోయింది. పెళ్లికొడుకు మేనత్త నోట్లో ఓళిగ ముక్క అట్లాగే ఉండిపోయింది. హేమలత గబుక్కున లేచి అత్తను బయటికి లాగబోయింది. ఆమె కదల్లేదు. గోడవార చూస్తోంది.

అక్కడ జమ్మలమడుగు ప్రమీలమ్మ, పెళ్లికూతురి చిన్నమ్మ. మండే ఎండల్లో ఒళ్లంతా కొంగు కప్పుకుని, తినకుండా నిలబడి ఉంది. మెల్లగా దగ్గరికొచ్చింది.

"నాకూ ఇదే అక్కా. సూది పనిజేయకపోయేసరికి నా బతుకింతేనని డాక్టరు దగ్గరికి పోయేదే మానుకుంటి. ఇంకోటి ఉంటాదని ఎవరూ చెప్పలే."

"నేను చెప్తాండా గదా! కూచో, తిను. సోమవారం ప్రొద్దుటూరికి రా, మా డాక్టరు కాడికి పోదాం."

హేమలత నోరు తెరిచింది. "ఆమెకుందని నీకెట్ల తెలుసత్తా?"

"కొంగు కింద గీరుకుంటాండె. నేనూ ఒకప్పుడు అట్లనే గోడకానుకుని నిలబడితి పాపా. నాలాంటోళ్లు ఒక్కరన్నా కనబడతారేమోనని శానా ఎదురుచూస్తి."

హేమలత విస్తరి ముందు కూర్చున్న ప్రమీలమ్మను ఆనుకుని కూర్చుంది. "అన్నా! ఈడ నెయ్యి ఎవరేస్తారు?" అని కేకేసింది.

హాలంతా తిరిగి చూసింది. అచ్చం వనజమ్మ గొంతే.