నలభై వేల ఆటలు చాలవన్న మా లెక్కల సారు

మా లెక్కల సారు పోయినారని మంగళవారం పొద్దున మార్కాపురం నుంచి ఫోను వచ్చింది. గిద్దలూరు బస్టాండులో ఉన్నాను. కళ్లముందే రెండు మార్కాపురం బస్సులు వెళ్లిపోయాయి. నేను ఎక్కలేదు.

కొనకనమిట్ల హైస్కూల్లో ఆయన మాకు లెక్కలు చెప్పారు. ఎవరేం చెప్పినా ఆయన నోట ఒకటే ప్రశ్న: "ఎన్నిసార్లు చూసినావు?" ఆ బస్సు ఎప్పుడూ లేటే సార్ అంటే, "నువ్వు ఎన్నిసార్లు ఎక్కినావు?" అనేవారు. ఈయనకు దేవుడు కనబడ్డా ఎన్నిసార్లని అడుగుతాడ్రా అని వెనకాల నవ్వుకునేవాళ్లం.

ఆ అలవాటు ఎక్కడిదో ఆయనే చెప్పారు. పెద్దారవీడు దగ్గర ఆయనకు కాస్త చేను ఉండేది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ల జాడ చెప్పే ఒకాయన చూపించిన నాలుగు చోట్లా పక్క చేలవాళ్లకు నీళ్లు పడ్డాయి. అది నమ్మి సారూ బోరు వేయించారు. దుమ్ము తప్ప చుక్క రాలేదు. "లెక్కల సారుకే లెక్క తప్పె!" అని అమ్మ ఎగతాళి చేసింది. సారు భార్యను మేమంతా అమ్మ అనే పిలిచేవాళ్లం. ఊళ్లోవాళ్లు ఆ కొబ్బరికాయ మనిషిని దొంగ అంటే మాత్రం సారు ఒప్పుకోలేదు. "నాలుగు బోర్లు చూసి పొగిడితిమి, అది తప్పు. ఐదోది చూసి తిడితే అదీ తప్పే" అన్నారు.

ఇక నా సంగతి. బెంగుళూరులో ఉద్యోగం చేస్తూ ఫోనులో పోకర్ ఆడేవాణ్ణి. అదీ పేకాటే. బాగా ఆడేవాడు నెలల తరబడి ఓడిపోవచ్చు, ఆట రానివాడు నెలల తరబడి గెలవచ్చు. తిరకాసంతా అక్కడే. ఏడాదిలో నలభై వేల ఆటలాడి లాభంలో ఉన్నాను. ఉద్యోగం మానేసి దీంతోనే బతుకుదామని, సారు చేత సరే అనిపించుకోవాలని మార్కాపురం వచ్చాను. నా ఆటల పట్టీ ముందేసుకుని ఆయన రెండు సాయంత్రాలు లెక్క కట్టారు.

"వంద ఆటలకు ఐదు పాయింట్లు మిగులుతుండాయి, మంచిదే. కానీ ఆ వందలోనే తొంభై పైకీ కిందికీ ఊగుతాంది. నలభై వేల ఆటల తర్వాత గూడా ఆ ఐదుకు తొమ్మిది అటైనా ఉండొచ్చు, ఇటైనా ఉండొచ్చు. అంటే నీ అసలు లెక్క పద్నాలుగు లాభమైనా కావచ్చు, నాలుగు నష్టమైనా కావచ్చు."

"అంటే నాకు ఆట రాదా సార్?"

"అట్ల అనలే. వచ్చో రాదో ఈ కాగితం చెప్పలేదంటాండా."

"ఇంకెన్ని ఆడితే చెప్తాది?"

"సందేహం సగం కావాలంటే ఆటలు నాలుగింతలు కావాల. అంతలోకి నువ్వూ మారతావు, నీ ఎదురు కూర్చునేటోళ్లూ మారతారు."

కాదంటే పోట్లాడేవాణ్ణి. తెలియదనే మనిషితో ఏమని పోట్లాడను? "ఒక్క మాట సరే అంటే మీ సొమ్మేం పోతుంది సార్?" అనేశాను. ఆయన నవ్వారే గానీ ఆ మాట అనలేదు. ఆ కోపంలోనే వెళ్లి రాజీనామా రాసిచ్చాను.

తర్వాతి ఏడాది ఓడిపోయాను. ఉన్నదంతా ఊడ్చుకుపోయాక గిద్దలూరులో ఒక ప్రైవేటు బడిలో చేరాను. సారు దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు. ఆయనే కబురుపెట్టారు. అప్పుడే చెప్పినాను గదా అంటారని సిద్ధపడి వెళ్లాను. "ఓడినావని నీకు ఆట రాదని గూడా చెప్పలేంలేరా. అవీ తక్కువ ఆటలే" అన్నారు, వక్కపొడి డబ్బా నా వైపు జరుపుతూ. ఏడుపు ఆగలేదు నాకు. ఆట వచ్చో రాదో నాకిప్పటికీ తెలియదు. ఇక తెలియదు కూడా.

చివర్లో ఆయన కిడ్నీలు పాడైనాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఇక ఎన్నాళ్లో ఉండరని డాక్టరు సారుకూ నాకూ చెప్పేశాడు. అమ్మకు చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు, ఆయనకు మనసు రాలేదు. పోయేముందు ఆదివారం నేను వెళ్లేసరికి అమ్మ ఆయనకు అన్నం వడ్డిస్తోంది.

"రెండు వారాలాయె కాళ్లకు వాపు రాక. నిద్ర గూడా పడతాంది. బాగైతాన్నట్టే గదయ్యా?" అని అడిగింది.

నేను తల దించుకున్నాను. నలభై వేలు చాలవన్న మనిషిని ఆ తల్లి రెండు వారాలు చూపించి అడుగుతోంది. ఆయన ఇప్పుడేమంటారోనని తలెత్తి చూశాను. సారు నా వైపు ఒక్క చూపు చూశారు, నోరు మెదపొద్దన్నట్టు.

"రెండు వారాలు చాలవా ఏంది? బాగైపోయినట్టే" అన్నారు.

అమ్మ మొహం వెలిగిపోయింది. ఇంకో గరిటెడు అన్నం పెట్టింది. రెండు ముద్దలకు మించి ఆయనకు దిగడం లేదని నాకు తెలుసు. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉంది. ఆయన ఒక్కొక్క ముద్దే మింగుతూ, నీళ్లు కూడా అడగకుండా, కంచం ఖాళీ చేశారు.