ఏం చెట్టు అని ముందు అడిగే మనిషి

మా మావగారు కిందటి నెల కాలం చేశారు. గుంటూరు ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను మా కొట్లో ఉన్నాను. మిషను నూనె అంటిన చేతులతోనే ఫోన్ ఎత్తి విన్నాను. రోడ్డు మీద పత్తి లారీ ఒకటి వెళ్ళింది. దాని వెనకాల దూది పింజలు గాల్లో మెల్లగా తిరుగుతున్నాయి. అవి కిందికి దిగేదాకా మావగారు ఇంకా ఉన్నారనే అనిపించింది.

వేటపాలెం దగ్గర రోడ్డు పక్కన, చెట్లు కోసే మిషన్లు బాగుచేసే చిన్న కొట్టు మాది. వాటికి బార్లూ చైన్లూ కూడా అమ్ముతాం. బార్ అంటే మిషను ముందు ఉండే పొడవాటి ఇనప పట్టీ. దాని అంచు చుట్టూ చైను పరిగెడుతూ చెట్టుని కోస్తుంది. చైను కావాలని ఎవరొచ్చినా మావగారు వెంటనే చైను తీసేవారు కాదు.

"ఏం చెట్టు?" అనేవారు. "పచ్చిదా, ఎండిందా?"

"చైను అడిగితే చెట్టు గోలేందండీ?" అని కొందరు విసుక్కునేవారు. ఆయన మిషను ఒళ్ళో పెట్టుకుని, పాత చైను విప్పి, చంటిపిల్ల కాలివేళ్ళు తడిమినట్టు దాని కింది పళ్ళు తడిమేవారు. ఆ పళ్ళు బార్ గాడిలో బిగుసుకోకూడదు, వదులుగా ఊగకూడదు. మిషను లోపలి చక్రానికీ సరిపోవాలి. అప్పుడుగానీ బార్ పొడుగు సంగతి మాట్లాడేవారు కాదు.

పెళ్ళయిన కొత్తలో మావగారికి అన్నం కారియర్ తీసుకెళ్ళేదాన్ని. మిరపకాయల రోజులు. మిర్చి యార్డుకి వెళ్ళే బస్తాల ఘాటు రోడ్డంతా పట్టేసేది. ఒక మధ్యాహ్నం ఆయన ఒక చైను నా చేతిలో పెట్టి, "పళ్ళు లెక్కపెట్టమ్మాయ్" అని, మొహం మీద తువ్వాలు కప్పుకుని బల్ల మీద పడుకున్నారు. నేను లెక్కపెట్టి చెప్పాను. తువ్వాలు కిందనుంచే, "తప్పు, మళ్ళీ పెట్టు" అన్నారు. పళ్ళ చప్పుడు విని పట్టేశారనుకుని బిత్తరపోయాను. ఎట్లా తెలిసింది మావయ్యా అని అడిగితే, "పొద్దున నేను లెక్కపెట్టిన చైనే కదా అది" అని కిసుక్కున నవ్వారు. దగ్గూ నవ్వూ కలిసిపోయిన ఆ మధ్యాహ్నమే నేను ఈ పనిలోకి వచ్చాను.

ఆయనకి కోపం లేదంటే అబద్ధం. చిన్న మిషనుకి పొడుగు బార్ వెయ్యమంటే మండిపోయేది. "మీసం పెంచినట్టు బార్ పెంచుతారేందయ్యా! ముందు దాని ఊపిరెంతో చూడు" అని కసిరేవారు. ఊపిరి అంటే ఇంజను బలం. చెట్టు లావుకీ గట్టితనానికీ అది చాలకపోతే చైను దుంగలో ఆగిపోతుంది, ఇంజను వేడెక్కిపోతుంది.

చైను బిగించాక ఆయనకొక అలవాటుంది. కొట్టు ముందు ఒక తెల్లటి బండ ఉంది. మిషను ఆడించి, బార్ మొన దానికి తగలకుండా పైన పట్టుకునేవారు. చైనుకి నూనె అందుతుంటే బండ మీద సన్నటి గీత పడుతుంది. ఏళ్ళ తరబడి పడ్డ గీతలతో ఆ బండ గోధుమరంగుకి తిరిగింది. గీత పడందే మిషను చేతికిచ్చేవారు కాదు.

పెద్దకర్మ అయ్యాక షట్టర్ ఎత్తాను. వచ్చినవాళ్ళు లోపలికి తొంగిచూసి, "పెద్దాయన లేరు కదూ" అని మర్యాదగా అనేసి చీరాల వైపు వెళ్ళిపోయేవారు. నన్ను ఒక్కరూ ఏమీ అడగలేదు. సరుకు ఎవరికన్నా ఇచ్చేసి మూసేద్దామన్నాడు మా ఆయన. ఏం చెట్టు అని అడిగే చోటు ఇక ఉండదేమోనని నాకు లోపల ఒకటే దిగులు.

నిన్న మేస్త్రీ వచ్చాడు. సరుగుడు తోటలు కొట్టించే మనిషి, మావగారితో ఎన్నేళ్ళుగానో వాదులాడినవాడు. చిన్న మిషను బల్ల మీద పెట్టాడు.

"దీనికి పొడుగు బారూ, దానికి తగ్గ చైనూ ఇవ్వమ్మాయ్."

"ఏం చెట్టు బాబాయ్?" నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"నిద్రగన్నేరు. మొన్న గాలికి రోడ్డుకి అడ్డంగా పడింది. పచ్చిది. ఇంత లావుంది." చేతులు బారచాపాడు.

మిషను ఒళ్ళోకి తీసుకుని చూశాను. "దీనికి ఆ ఊపిరి లేదు బాబాయ్. ఉన్న బారే ఉంచి కొత్త చైను వేస్తాను. దుంగని ఇటు సగం, అటు సగం కొయ్యండి."

"నాకు చెప్తావేంది? నువ్వు పుట్టకముందు నుంచి చెట్లు కొడతన్నా!"

కేకలేశాడు. బల్ల చరిచాడు. టీ తెప్పిస్తే తాగి మళ్ళీ మొదలుపెట్టాడు. మధ్యలో ఎక్కడో నాకు తెలిసింది, అచ్చం మావగారితో పోట్లాడినట్టే నాతో పోట్లాడుతున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉన్నాను.

"కానీ, వెయ్యి," అన్నాడు చివరికి. "మీ మావ పోయినా ఈ కొట్టు మొండితనం పోలా."

చైను బిగించి, మిషను ఆడించి, మొన బండ మీదికి పట్టాను. గీత పడింది. మేస్త్రీ దాన్ని చూసి, తలూపి, మిషను తీసుకుని వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడ్డాను. మావగారి గీతల మీద నా గీత తడిగా మెరుస్తోంది. పత్తి లారీ వెళ్ళింది. ఒక దూది పింజ తిరిగి తిరిగి వచ్చి ఆ తడి మీద వాలింది, మళ్ళీ ఎగరలేదు.