ఇరవై ఏడుగురు రాక్షసులు

నేను గీసిన రాక్షసుడు సినిమాలో రాక్షసుడి కంటే బాగున్నాడు. ఈ మాట మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. చదివేవాళ్ళు ఒప్పుకోకపోయినా నాకు పోయేదేమీ లేదు. సినిమావాడి కోరలు అతికించినవి. వాడు నవ్వినప్పుడల్లా ఎడమవైపు కోర కొంచెం ఊగేది. మూడుసార్లు చూసినదాన్ని, నాకు తెలుసు. నా వాడి కోరలు ఊగవు.

మాది ఎమ్మిగనూరు, మగ్గం ఇల్లు. ఆ సినిమా నేను చూసింది ఆదోనిలో, వేసవి సెలవులకు మా మేనత్త ఇంటికి పోయినప్పుడు. మామ దూదిమిల్లులో పనికి పోగానే అత్త నన్నూ ఇద్దరు పక్కింటి ఆడవాళ్ళనూ వెంటబెట్టుకుని నేల టికెట్టుకు బయలుదేరేది. తిరిగి వస్తూ దారంతా ఒకటే హెచ్చరిక: "మీ నాయనకు సెప్పినావంటే నా కొంప మునుగుతాది."

మా నాయనకు సినిమా గిట్టదు. పాపమనీ పుణ్యమనీ కాదు. చీకట్లో కూర్చుని వెలుగు వంక చూస్తే చూపు దెబ్బతింటుందని ఆయన నమ్మకం. "మనం కండ్లతో బతికేటోళ్ళం. సినిమాకు పోయినావని తెలిస్తే ఆ దినమే బడి మానిపిస్తా" అనేవాడు. మరి పెదనాయన ఒక్క సినిమా కూడా చూడలేదు కదా, ఆయన కళ్ళలో పొర ఎందుకు కమ్ముతోంది అని అడిగాను ఒకసారి. "నోరు మూసుకో" అన్నాడు. మా ఇంట్లో నా వాదనలకు దొరికిన జవాబుల్లో అంతకంటే పొడవైనది లేదు.

బొమ్మలు గీసే పిచ్చి నాకు ముందునుంచీ ఉంది. వారపత్రికల కార్టూన్లలో వచ్చే బొజ్జ మనుషులనూ గుమ్మడికాయ తలలనూ బడి పలక మీద గీసి, అయ్యవారు వచ్చేలోగా మోచేత్తో తుడిచేసేదాన్ని. కానీ ఈ రాక్షసుణ్ణి పలక మీద గీసి తుడిచెయ్యడానికి మనసొప్పలేదు. కాగితం కావాలి. మా ఇంట్లో ఉన్న కాగితం ఒక్కటే రకం, పెదనాయన గళ్ళకాగితం.

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఆ సంవత్సరం మా వీధిలో మొట్టమొదటి జకార్డు మగ్గం మా ఇంట్లో పెట్టారు. పెట్టె మాది కాదు, శావుకారుది. గుంత మగ్గం మీద, దూలాలకు కట్టిన కొయ్యపెట్టె అది. దానికి రంధ్రాలు కొట్టిన అట్టలు దండలాగా గుచ్చి తగిలిస్తే, రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్లా బొమ్మ పడుతుంది. బొమ్మను ముందు గళ్ళకాగితం మీద గీయాలి. ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. కాగితం మీద గీయడం, అట్టలు కొట్టడం పెదనాయన పని. నేయడం నాయన పని. మొదటి చీర కొంగు నిండా సింహముఖాలు రావాలని శావుకారు చెప్పాడు. అది బాగా వస్తే పెట్టె మా ఇంట్లో ఉంటుంది, బాగా రాకపోతే విప్పుకుని ఇంకో ఇంట్లో పెడతాడు. మా నాయన మళ్ళీ దుప్పట్లు నేసుకోవాలి. అంత స్పష్టంగా చెప్పి పోయాడు, మా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి.

పెదనాయన కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని నెలరోజులు సింహాన్ని గీశాడు. నేను రెండు మధ్యాహ్నాల్లో రాక్షసుణ్ణి గీశాను. ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పద్ధతే: గడి నింపితే జరీ, వదిలేస్తే ఖాళీ. గడ్డం నుంచి కొమ్ముల దాకా నూట ఇరవై వరుసలు, సరిగ్గా సింహానికి ఎన్నో అన్ని. ఎందుకంటే కొలత ఆయన కాగితం నుంచే దొంగిలించాను. దాచడానికి చోటు లేక ఆయన కాగితాలు పెట్టుకునే వెదురుగొట్టంలోనే, సింహం కాగితానికి చుట్టి పెట్టాను. గొట్టం ఎవరు తీసినా పెదనాయనే తీస్తాడు, ఆయనకు కనపడదు అనుకున్నాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

తీసింది మా అమ్మ. చూపు మసకగా ఉందని పెదనాయన తనకు కాగితం చదివి వినిపించమన్నాడట. మా అమ్మకు అక్షరం రాదు. కానీ గళ్ళు చదవడానికి అక్షరం ఎందుకు? కన్ను ఒక వరుస నుంచి ఇంకో వరుసకు జారకుండా కాగితాన్ని చుట్టగానే ఉంచి, ఒక్క వరుస మాత్రం విప్పి, దాని కింద రూళ్ళకర్ర ఆనిస్తారు. చదివిన వరుసను అటువైపు చుట్టేస్తారు. కాగితం మొత్తం పరిచి చూసే అలవాటు ఎవరికీ లేదు. "రెండు ఖాళీ, అయిదు నిండు, ఒకటి ఖాళీ" అని అమ్మ చదువుతుంటే పెదనాయన సుత్తితో రంధ్రాలు కొట్టాడు. మూడు రోజులు. నేను బడిలో ఉన్నాను.

ఆ రోజుల్లో మా అమ్మ వీధిలో నడిచిన తీరు నాకు గుర్తుంది. నీళ్ళ దగ్గర ఎవరో అడిగితే "ఇంట్లో సదివే పని ఉంది" అని బిందె ఎత్తుకుని వచ్చేసింది.

ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి, ఎవరూ లేనప్పుడు నా రాక్షసుణ్ణి చూసుకుందామని గొట్టం తీశాను. కాగితం విప్పాను. ప్రతి వరుస పక్కనా ఎర్ర పెన్సిలు గీత ఉంది. ఒక వరుస అట్ట కొట్టడం అయిపోతే పెదనాయన పెట్టే గుర్తు అది. నూట ఇరవై గీతలు. సింహం కాగితం మీద ఒక్కటీ లేదు.

తల ఎత్తి చూశాను. అట్టలు అప్పటికే దండ కట్టి పెట్టెకు వేలాడుతున్నాయి. నాయన కొంగు మొదలుపెట్టేశాడు.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. చెప్పాలంటే ఈ ముఖం ఎక్కడ చూశావంటారు, ఆదోని అనాలి, అత్త కొంప, నా బడి. ఇవన్నీ లెక్కవేసుకుంటూ, నాయన కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంత అంచున నిలబడ్డాను. మా నేతలో ఇంకో చిక్కుంది. ఆ చీరకు జరీ బొమ్మ అడుగువైపు పడుతుంది. నేసేవాడికి పైన కనపడేది దారాల పోగులే. కోసి తిప్పేదాకా బొమ్మ తెలియదు. తెలుసుకోవాలంటే పడుగు కింద అద్దం పెట్టి చూడాలి.

మర్నాడు పొద్దున పెదనాయన నన్నే పిలిచాడు. "పాపా, నా కండ్లకు ఆనదు. అద్దం పట్టుకోని కిందికి దూరు. యెట్ల పడిందో సూసి సెప్పు."

గుంతలో నాయన కాళ్ళ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. అద్దాన్ని పడుగు కిందికి జరిపాను. ముఖం సగమే పడింది. గడ్డం, నోరు, కోరలు. తొమ్మిది నోళ్ళు వరుసగా, జరీలో, నా వంక నవ్వుతూ.

"గడ్డం పడిందా?"

"పడింది."

"నోరు తెరిసిందా?"

"తెరిసింది."

"పండ్లు?"

"అవుపడతాండాయి పెదనాయనా."

"సింహం మాదిరే ఉందా?"

పైన నాయన అటూ ఇటూ విసిరే నాడె ఆపి వింటున్నాడు. ఆయన బొటనవేలు తొక్కుడుకర్ర మీద నిలిచి ఉంది.

"ఉంది" అన్నాను.

నాలుగు జవాబుల్లో మూడు నిజాలే అని తరువాత చాలాకాలం నాతో నేను వాదించుకున్నాను. నాయన తొక్కుడుకర్ర తొక్కాడు. పెట్టె టకటకలాడింది. అప్పుడు విప్పాల్సింది రెండు వేళ్ళ మందం. ఒక్క పూట పని. నేను నోరు విప్పలేదు కాబట్టి నేత సాగింది.

అయిదు రోజులు. ముఖాల వరుస ఒకటి అయింది, రెండోది అయింది, మూడోది మొదలయింది. తలనొప్పి అని బడి మానేశాను. ఇంట్లో ఉంటే టకటకలు వినలేక మళ్ళీ బడికి పోయాను. అమ్మ అన్నం పెడుతూ "యేమే, యేమైంది నీకు? నోరు పడిపోయిందా?" అంది. నా నోరు మూతపడడం ఆ ఇంట్లో జ్వరం కంటే పెద్ద జబ్బు. రాత్రికి చెబుదాం అనుకుంటాను, నాయన నవ్వుతూ ఉంటాడు. ఆయన నవ్వడం నేను అప్పటికి ఎక్కువ చూడలేదు. పొద్దున చెబుదాం అనుకుంటాను.

శుక్రవారం శావుకారు వచ్చాడు. వెంట ఆదోని నుంచి ఒక బట్టల వ్యాపారిని కూడా తెచ్చాడు. చాప పరిచారు. నాయన చీర కోసి, మగ్గం మీది నుంచి తీసి, ఇంకా తిరగవేసే ఉన్న కొంగును రెండు చేతుల మీద పట్టుకుని బయటికి వచ్చాడు. పెదనాయన ఆ రోజు ఉతికిన పంచె కట్టుకున్నాడు. అమ్మ తలుపు వెనక నిలబడింది.

"నాయనా, తిప్పొద్దు" అన్నాను.

అందరూ నా వంక చూశారు.

"యేమ్మా, యెందుకు తిప్పగూడదు?" అన్నాడు శావుకారు, నవ్వుతూనే. చెయ్యి చాపి ఆయనే తిప్పాడు.

వరుసకు తొమ్మిది, మూడు వరుసలు. ఇరవై ఏడుగురు. మెలితిప్పిన మీసాలు, కొమ్ములు, మిడిగుడ్లు. జరీ ఎండలో మెరిసింది. ఒక్క దారం కూడా తప్పలేదు, అంత శుభ్రంగా నేశాడు మా నాయన.

ముందు నవ్వింది ఆదోని వ్యాపారి. "ఇదేం తమాషా అప్పా! ఈ సెరగు కప్పుకోని పాలిస్తే బిడ్డ దడుసుకోని పాలు మానేస్తాడు."

శావుకారు నవ్వలేదు. "సింహాలని సెప్పి దయ్యాల్ని నేసినావే. నాతో పరాచికాలా?"

నాయన చీర వంక చూస్తూనే ఉన్నాడు. నేను ఆగలేకపోయాను. "గుడి వాకిలి మీద కోరలు బయట పెట్టుకోని ఉంటాది గదా ముఖం. దానికి మొక్కుతారు గదా. దానికి దీనికి యేం తేడా?"

"ఈ పాపకు నోరు సానా పొడుగుందే" అన్నాడు శావుకారు. "గీసింది యెవరు?"

"కాగితం నేనే తీసినాను. నేనే సదివినాను" అంది అమ్మ తలుపు వెనక నుంచి. పరాయి మగవాళ్ళ ముందు ఆమె గొంతు విప్పడం అదే మొదటిసారి.

"గీసింది నేను" అన్నాను.

పెదనాయన కొంగును కళ్ళకు ఆనించుకుని వేళ్ళతో తడిమాడు. మీసం దగ్గర ఆగాడు. కోపం లేకుండా అడిగాడు. "నువ్వు అద్దంలో సూసినావు గదా పాపా?"

"సూసినాను" అన్నాను.

మధ్యాహ్నం ఇద్దరు మనుషులు వచ్చి దూలాల మీది నుంచి పెట్టె దింపారు. చీర కూడా తీసుకుపోయారు. అట్టల దండ మాత్రం తెంపి గుంతలో పడేసి, "ఇవి పొయ్యిలో పెట్టుకోండి" అని శావుకారు చెప్పమన్నాడని చెప్పారు. పెట్టె మూడిళ్ళ అవతల ఇంటికి పోయింది. ఆ టకటకలు మా ఇంట్లోకి వినపడేవి.

ఆ సాయంత్రం నాయన ఒకటే అడిగాడు. "ఆ మొగం యాడ సూసినావు?"

"ఆదోనిలో. సినిమాలో."

"యెన్ని తూర్లు?"

"మూడు."

తల ఆడించాడు. కొట్టలేదు. బడి మానిపించలేదు. ఎందుకు మానిపించలేదో నేను అడగలేదు. జీవితంలో నేను అడగకుండా వదిలేసిన ప్రశ్నలు తక్కువ, అందులో అదొకటి. మర్నాడు మగ్గానికి దుప్పటి పడుగు ఎక్కించాడు.

అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. కంచంలో అన్నం పడేది, మాట పడేది కాదు. కొడితే బాగుండునని నేను మనస్ఫూర్తిగా అనుకున్న రోజులు అవి మాత్రమే. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు "యేమక్కా, ఇప్పుడు సదివే పని లేదా?" అంటున్నారని నాకు తెలుసు. పక్కనే నిలబడి విన్నాను. వాళ్ళతో గొడవకు దిగబోతే అమ్మ నా జబ్బ పట్టి ఇంటికి లాక్కొచ్చింది, అప్పుడు కూడా మాట్లాడకుండానే.

వారం గడిచాక ఒక మధ్యాహ్నం ఆమె రాట్నం దగ్గర కండెలు చుడుతోంది. నేను దారం అందిస్తున్నాను. ఉన్నట్టుండి అంది:

"నూటిరవై వరుసలు సదివినా గదా నేను వాణ్ణి. గడ్డం కాణ్ణుంచి కొమ్ముల దాకా. యెవడో తెలీకుండానే సదివినా."

నేను దారం చిక్కు తీసి అందించాను.

"యేం సేసినాడు వాడు?" అంది. "యెట్ల సచ్చినాడు?"

"సినిమాలోనా?"

"ఇంగ యాడ? మొదట్నుంచి సెప్పు. ఈ తూరి యేదీ దాయకుండా సెప్పు."

ఆమె రాట్నం తిప్పుతూనే ఉంది. నా వంక చూడలేదు. వాడు మొట్టమొదట ఎట్లా వస్తాడో, తలుపులు ఎట్లా విరిగి పడతాయో అక్కడి నుంచి మొదలుపెట్టాను.